బొమ్మల పుస్తకం చదివాక యాక్టివిటీ చేయించాల్సిందేనా?

ఒకటో తరగతి టీచర్:
ఎరిక్ కార్ల్ ‘ది వెరీ హంగ్రీ కాటర్‌పిల్లర్’ (1969) పిల్లలకు చదివి వినిపించాను. గొంగళిపురుగు సోమవారం ఒక యాపిల్, మంగళవారం రెండు బేరిపండ్లు, అలా పెంచుకుంటూ శుక్రవారానికి ఐదు నారింజలు తింటుంది. శనివారం కేకు, ఐస్‌క్రీమ్ లాంటివి లాగించి కడుపునొప్పి తెచ్చుకుంటుంది. ఆదివారం ఒక ఆకు తిని కుదుటపడి, గూడు కట్టుకుని, చివరికి సీతాకోకచిలుక అవుతుంది. పిల్లలు పడీపడీ నవ్వారు. మా హెచ్ఎం మాత్రం ‘యాక్టివిటీ ఏది, వర్క్‌షీట్లు చూపించండి’ అంటున్నారు. విని నవ్వుకుంటే చాలదా?

లెక్కల మాస్టారు:
చాలదు మేడమ్. ఐదు రోజుల పండ్లు కలిపితే 15, శనివారం తిన్నవి మరో 10. చింతగింజలు ఇచ్చి రోజుకో వరుస పేర్చమనండి, ఒకటి చొప్పున పెరగడం వాళ్లకే కనిపిస్తుంది. ఆ తర్వాత కాగితం మీద పెట్టించాలి. 40 మంది ఉన్న క్లాసులో ఎవరికి అర్థమైందో నోటిమాటతో తేలదు.

యూకేజీ అమ్మ:
చింతగింజలైతే సరే మాస్టారూ. మా పాప బడిలో ఇదే పుస్తకానికి పచ్చ కాగితం వృత్తాలు అంటించి పురుగును చేసుకు రమ్మన్నారు. కత్తిరించింది నేను, అంటించింది వాళ్ల నాన్న. క్లాసు మొత్తానికీ ఒకటే అచ్చు. కథేంటే అని అడిగితే ‘ఎరుపు తలకాయ ముందు అంటించాలి’ అంది!

హిందూపురం సార్:
మా బడిలో చాలామంది పిల్లల ఇళ్లలో పట్టుపురుగులు పెంచుతారు. ఈ పుస్తకం చదివితే అసలు పని గూడు దగ్గర మొదలైంది. పుస్తకంలో పురుగు గూట్లో రెండు వారాలకు పైగా ఉండి, కన్నం కొరుక్కుని సీతాకోకచిలుకగా బయటికొస్తుంది. మావాళ్లు ఒప్పుకోలేదు. ‘గూట్లోంచి వచ్చేది తెల్ల చిమ్మట సార్, అది ఎగరను కూడా ఎగరలేదు’ అన్నాడొకడు. ‘కన్నం పడితే దారం తెగిపోతుంది, అంతకుముందే మార్కెట్‌కు తీసుకెళ్తారు’ అంది ఇంకో పిల్ల. నాలుగు జ్వరాలు (పురుగు మేత మానేసి చర్మం విడిచే దశలు), చంద్రికల (గూళ్లు అల్లేందుకు పురుగులను వదిలే తట్టల) మీద గూళ్లు అల్లడం, అన్నీ వాళ్లే చెప్పారు. నేను బోర్డు మీద రాస్తూ పోయాను.

మామూలుగా సీతాకోకచిలుక ఇలా దారంతో గూడు అల్లుకోదు. గొంగళిపురుగు చర్మం విడిచి, పైన పెంకు ఉండి తిండి తినకుండా ఉండే ప్యూపాగా మారుతుంది, ఆ పెంకు పగిలి సీతాకోకచిలుక వస్తుంది. అదీ చూడాలంటే బడి దగ్గర కరివేపాకు చెట్టో నిమ్మచెట్టో వెతకండి. వాటి మీద పెరిగే ఒక రకం పురుగు చిన్నప్పుడు పిట్టరెట్టలా ఉండి తర్వాత పచ్చబడుతుంది. కొమ్మతో సహా సీసాలో పెట్టి, గాలి ఆడేలా గుడ్డ కట్టి, రోజూ తాజా ఆకు వేయండి. వర్క్‌షీట్ అక్కర్లేదు.

కథల తాతయ్య:
కేకు తిన్న పురుగుకు సైన్స్ పరీక్ష పెడతారా సార్? కథను కథగా వదిలేయండి.

హిందూపురం సార్:
పురుగు కేకు తిన్నదంటే ఏ పిల్లాడూ నమ్మడు తాతయ్యా, నవ్వుతాడు. గూడు సంగతి మాత్రం నిజమనుకుంటాడు. నేను దిద్దేది అదొక్కటే.

డాలస్ నాన్న:
ఇక్కడ వారాంతపు తెలుగు క్లాసులో ఇదే వాడతాం. పిల్లలకు కథ ముందే తెలుసు కాబట్టి అర్థం చెప్పే పని లేదు. పురుగు తిన్నట్టుగా పేజీల్లో పెట్టిన కన్నాల్లో వేలు పెట్టి ‘మంగళవారం రెండు’ అని అరుస్తారు. కాగితం, కత్తెర ఏవీ ఉండవు.

ఒకటో తరగతి టీచర్:
సోమవారం మళ్లీ చదువుతాను. చింతగింజలు తెప్పిస్తాను, బడి వెనక కరివేపాకు చెట్టు కూడా ఉంది. మరి హెచ్ఎం గారికి ఏం చూపించాలి?

లెక్కల మాస్టారు:
సీసాకు రోజూ ఒక ఫొటో తీసి స్కూల్ గ్రూపులో పెట్టండి, రుజువైపోతుంది. నేనైతే వర్క్‌షీట్ ఇస్తూనే ఉంటాను, అది వేరే సంగతి.