కింద కంకర ఉన్నా పైన నీళ్లెందుకు నిలుస్తున్నాయి? మిషిగన్‌లో సెబెవా లోమ్ నేల

ప్రశ్న: హోవెల్ పెరడు

అందరికీ నమస్కారం. మిషిగన్‌లోని లివింగ్‌స్టన్ కౌంటీలో నాలుగెకరాల స్థలం కొన్నాం. బేరం కుదిరింది సెప్టెంబరులో. అప్పుడు నేల గట్టిగా, పొడిగా ఉంది. మంచు కరిగాక మార్చి చివర్లో వెళ్లి చూస్తే పల్లపు భాగమంతా నీళ్లు నిలిచి ఉన్నాయి. ఏప్రిల్ గడిచిపోతున్నా అక్కడ అడుగు పెడితే బూటు దిగబడుతోంది. పక్కవాళ్ల స్థలం మాకంటే నాలుగైదు అడుగులు మెరకలో ఉంటుందేమో, వాళ్లు అప్పుడే ట్రాక్టరు దింపి దున్నేస్తున్నారు.

వెబ్ సాయిల్ సర్వేలో (ఏ చోట ఏ నేల ఉందో చూపే ప్రభుత్వ ఆన్‌లైన్ పటం) చూస్తే మా పల్లానికి "సెబెవా లోమ్, వాలు 0–2 శాతం, నీరు సరిగా దిగిపోదు" అని ఉంది. సెబెవా అన్నది నేల రకం పేరట, లోమ్ అంటే ఇసుక, ఒండ్రు, బంక కలిసిన మన్ను. పారతో ఒక గుంట తవ్వాను. పైన అడుగు లోపు నల్లమన్ను, చేతికి మెత్తగా, ముట్టుకుంటే ఆశ కలిగేంత బాగుంది. దాని కింద బూడిదరంగు జిగురుమన్ను, మధ్యమధ్య తుప్పు రంగు మచ్చలు. రెండున్నర అడుగుల దగ్గర పార కంకరకు తగిలి గరగరమంది. అంతే, ఒక్కసారిగా ఊట మొదలైంది. మర్నాడు పొద్దున చూస్తే నీళ్లు నేలకు అడుగు కిందివరకు వచ్చి నిలిచాయి.

నాకు అర్థం కానిది ఇదే. కంకర తగిలితే నీళ్లు ఇంకిపోవాలి కదా? ఒక కాంట్రాక్టరు వచ్చి చూసి, ఎనిమిది అడుగుల గుంట తీసి రాళ్లతో నింపితే నీళ్లన్నీ అందులోకి దిగిపోతాయని చెప్పాడు. ఖర్చు తక్కువేమీ కాదు. చేయించమంటారా? మా ఆలోచనల్లా ఒక ఇల్లు, నాలుగు కూరగాయల మడులు, కొన్ని పండ్లచెట్లు.

జవాబు: నోవై కూరగాయలు

మా పెరట్లోనూ వానపడితే మడుగే. మేము రాళ్ల గుంట తీయించాం, బాగానే పనిచేస్తోంది. మాది పైనుంచి కింది దాకా బంకమన్ను, ఐదారు అడుగుల తర్వాత ఇసుక తగిలింది. మీకు రెండున్నర అడుగులకే కంకర తగిలిందంటే ఇంకా సులువు కావాలి. చేయించండి.

జవాబు: లాన్సింగ్ మట్టి

హోవెల్ పెరడు గారూ, దయచేసి ఆ రాళ్ల గుంట తవ్వించకండి. నోవై వారి సలహా వారి నేలకు సరైనదే, మీ నేలకు మాత్రం పనికిరాదు. నేను ఈ చుట్టుపక్కల కౌంటీలలో నేలల సర్వే పని చేస్తాను. సెబెవా నేలలో చాలా గుంటలు తీశాను. మీరు రాసిన పొరల వరుస చూస్తే సర్వే పటం మీ పల్లం విషయంలో సరిగ్గానే చెప్పిందని నమ్ముతున్నాను.

నోవై వారి పెరట్లో నీరు పైనుంచి వస్తుంది. వానచుక్క బంకమన్నులోంచి దిగలేక పైనే ఆగిపోతుంది. కింద పొడి ఇసుక ఉంది కాబట్టి బంకను చీల్చి దారి చూపితే దిగిపోతుంది. మీ స్థలంలో నీరు కిందినుంచి వస్తోంది. మీ కంకర అప్పటికే నిండిపోయి ఉంది. మాది అనంతపురం జిల్లా. చిత్రావతి ఎండిపోయిన రోజుల్లో ఏటి ఇసుకలో చెలమ తీసేవాళ్లం, మోకాలి లోతు తవ్వేసరికి నీరు ఊరి ఒక మట్టానికి వచ్చి ఆగేది. మీ పార చేసిన పని అదే. చెలమ పక్కన ఇంకా లోతుగా ఇంకో చెలమ తవ్వి నీళ్లు దింపలేం కదా. ఎనిమిది అడుగుల గుంటలోనూ నీళ్లు అదే మట్టంలో, నేలకు అడుగు కింద నిలబడతాయి.

ఆ కంకర అక్కడికి ఎలా వచ్చిందో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. చివరి హిమయుగంలో మిషిగన్ మీద మంచు ఒకే పలకగా లేదు. సాగినా అఖాతం వైపునుంచి ఒక మంచు నాలుక, హ్యూరాన్–ఈరీ సరస్సుల వైపునుంచి ఇంకో నాలుక వచ్చి సరిగ్గా మీ లివింగ్‌స్టన్, ఓక్లాండ్, వాష్టెనా కౌంటీల దగ్గర ఒరుసుకున్నాయి. అవి వెనక్కి తగ్గుతున్నప్పుడు, 15 వేల ఏళ్లకు పైబడిన మాట, కరిగిన నీళ్లు ఆ రెంటి నడుమ వరదగా పారాయి. వడిగా పారినచోట కంకర, ముతక ఇసుక పడ్డాయి. వడి తగ్గాక దాని మీద ఒండ్రు లాంటి సన్నటి మన్ను పరుచుకుంది. ఓక్లాండ్ కౌంటీలో అన్ని కంకర గనులు, వాటిలో నీళ్లు నిండి ఏర్పడిన అన్ని చెరువులు ఉండటానికి కారణం ఇదే. ఆ గనుల్లో నీళ్లు ఎందుకు నిలుస్తున్నాయో మీ పల్లంలోనూ అందుకే నిలుస్తున్నాయి.

మీ పక్కవారి మెరక కూడా ఇదే వరద వేసిన కంకరే అయి ఉంటుంది. ఇక్కడ ఈ నేలలు మూడు మెట్లుగా ఉంటాయి. మెరకన ఉండేది ఫాక్స్, నీరు చక్కగా దిగిపోతుంది, అడుగుమన్ను ఎర్రగోధుమ రంగులో ఉంటుంది. మధ్యలో మాథర్టన్. పల్లాన సెబెవా. మూడింటి అడుగునా దాదాపు ఒకే సరుకు. తేడా అల్లా భూగర్భజలం ఎంత దగ్గరగా ఉందన్నదే. ఫాక్స్‌లో అది ఆరడుగుల కంటే లోతున ఉంటుంది. మీ దగ్గర చలికాలం నుంచి వసంతం దాకా నేల మట్టానికే వచ్చేస్తుంది, ఎండాకాలం చివరికి దిగిపోతుంది. మీరు సెప్టెంబరులో చూశారు కాబట్టి పొడిగా కనిపించింది.

ఇప్పుడు మీరు తవ్విన ఆ బూడిదరంగు మన్ను గురించి చెప్పాలి. నా దృష్టిలో మీ స్థలం చరిత్రంతా ఆ పొరలోనే ఉంది. మట్టికి ఎరుపు, పసుపు ఇచ్చేది ఇనుము. నెలల తరబడి నీళ్లలో నానితే గాలి అందదు. ఆక్సిజన్ లేనిచోట బతికే సూక్ష్మజీవులు దానికి బదులు ఇనుమును వాడుకుంటాయి. అప్పుడు ఇనుము నీటిలో కరిగి కదిలిపోతుంది, మట్టి వెలిసిపోయి బూడిదరంగు మిగులుతుంది. మా రంగుల పుస్తకంలో దాన్ని 10వైఆర్ 5/1 అని రాసుకుంటాం. ఆ చివరి అంకె రంగు గాఢతకు. అది 2 లేదా అంతకంటే తక్కువ ఉంటే అక్కడ నీరు చాలాకాలం నిలుస్తుందని అనుకోవచ్చు. తుప్పు మచ్చలు ఉన్నచోట ఒక పెళ్లను చేత్తో విరిచి చూడండి. చాలావరకు మచ్చలు పాత వేళ్లు దిగిన సన్నటి కన్నాల చుట్టూ ఉంటాయి. నీరు దిగినప్పుడు ఆ కన్నాల గుండా గాలి వెళ్లి, ఇనుము అక్కడే తిరిగి తుప్పు పట్టింది. ఏ కాగితమూ లేకపోయినా, ఆగస్టు నెలలో గుంట ఎండిపోయి ఉన్నా, నీరు ఎంతవరకు వస్తుందో ఆ మచ్చలు చెప్పేస్తాయి. పైపొర అంత నల్లగా ఉండటానికీ తేమే కారణం. గడ్డి, ఆకులు కుళ్లడం నెమ్మదించి సేంద్రియ పదార్థం పేరుకుపోయింది.

ఒక చిన్న పరీక్ష చేయండి. అడుగు కంకర గుప్పెడు తీసి దాని మీద వంట వెనిగర్ పోయండి. పొంగితే సున్నపురాయి ఉన్నట్టు.

జవాబు: హోవెల్ పెరడు

చాలా చాలా ధన్యవాదాలండీ. వెనిగర్ పోశాను, చిన్న బుడగలు బాగానే వచ్చాయి. పెళ్ల విరిచి చూస్తే మీరన్నట్టే కన్నం చుట్టూ నారింజరంగు గొట్టంలా ఉంది. మా పాప దాన్ని అగ్గిపెట్టెలో దాచుకుంది. కాంట్రాక్టరుకు వద్దని చెప్పేశాను.

మరి టైల్ పైపులు (నీటిని బయటికి పంపడానికి నేలలో పాతే కన్నాల పైపులు) వేయిస్తే? సెప్టిక్ ట్యాంకు, బేస్‌మెంట్ సంగతి ఏమిటి? బ్లూబెర్రీ తడినేలలో బాగా వస్తుందంటారు, నిజమేనా?

జవాబు: వాబాష్ పొలాలు

టైల్ గురించి నేను చెబుతాను. ఇండియానాలో ఆ పనుల్లోనే ఉన్నాను. మా వైపు వెస్ట్‌లాండ్ అనే నేల మీ సెబెవాకు దగ్గరి చుట్టం. కంకర కొంచెం లోతున, 40 నుంచి 60 అంగుళాల మధ్య తగులుతుంది. టైల్ వేసిన ఇలాంటి నేలల్లో మొక్కజొన్న, సోయా చాలా బాగా పండుతాయి. కాబట్టి నేల చెడ్డదని బెంగపడకండి.

కానీ మీకు కంకర రెండున్నర అడుగులకే ఉంది. తడి ఇసుక, కంకరలో కాలువ తవ్వితే గోడలు నిలవవు, తవ్వుతుండగానే కూలి పూడిపోతాయి. అందుకే నీరు బాగా దిగిపోయిన ఆగస్టు, సెప్టెంబరుల్లో తవ్వాలి. పైపుకు గుడ్డ తొడుగు తప్పనిసరి, లేకపోతే సన్న ఇసుక దూరి రెండు మూడేళ్లలో మూసుకుపోతుంది. అన్నిటికంటే ముందు చూడాల్సింది నీరు వెళ్లడానికి పైపు కంటే పల్లమైన చోటు ఉందా అని. నాలుగెకరాల పల్లంలో చాలాసార్లు అదే ఉండదు. మిషిగన్‌లో ప్రతి కౌంటీకీ డ్రెయిన్ల కమిషనరో, ఆ బాధ్యత చూసే అధికారో ఉంటారు. మీ దగ్గర్లో కౌంటీ కాలువ ఉందేమో అక్కడ అడగండి.

జవాబు: లాన్సింగ్ మట్టి

వాబాష్ వారు చెప్పిందానికి ఒకటి కలుపుతాను. పైపు వేసే ముందు ఆ పల్లం చట్టప్రకారం చిత్తడినేల అవుతుందేమో రాష్ట్ర పర్యావరణ శాఖను అడిగి తెలుసుకోండి. ఇక్కడ ఐదెకరాలకు మించిన చిత్తడినేలలకు, చెరువుకో వాగుకో ఆనుకుని ఉన్నవాటికి అనుమతి కావాలి. చిత్తడి మీ గట్టు దగ్గర ఆగిపోదు, పక్క స్థలాల్లోకి సాగితే మొత్తం కలిపే లెక్క. నన్నడిగితే పల్లాన్ని పల్లంగానే వదిలేయమంటాను. వసంతంలో నీళ్లు నిలిచే ఆ కాస్త చోటు కప్పలకూ పక్షులకూ ఎంత అవసరమో చూస్తూనే ఉన్నాను. మీకు మెరక భాగం ఉంటే ఇల్లు అక్కడ కట్టుకోండి.

సెప్టిక్ మాత్రం ఈ నేలలో పెట్టనే కూడదు, ఈ విషయంలో నేను గట్టిగా చెబుతాను. వసంతంలో నీరు పైకి వస్తే మురుగు దిగడానికి చోటుండదు. ఎండాకాలంలో చోటు ఉంటుంది కానీ కంకర వడకట్టదు. రాళ్ల సందుల్లోంచి మురుగు నేరుగా భూగర్భజలంలోకి పోతుంది, మీరూ మీ పక్కవారూ తాగేది ఆ నీరే కావచ్చు. ఎరువుల విషయంలోనూ ఇదే జాగ్రత్త. తాగునీటిలో నైట్రేట్ నత్రజని లీటరుకు 10 మిల్లీగ్రాములకు మించకూడదన్నది ఇక్కడి పరిమితి. బోరు వేశాక పరీక్ష చేయించండి, ఇంట్లో పసిపిల్లలు ఉంటే మరీ ముఖ్యం. కౌంటీ ఆరోగ్య శాఖవారు గుంట తీయించి మట్టి రంగు చూస్తారు. మీ మెరకన బూడిదరంగు ఎంత లోతున మొదలవుతుందో దాన్నిబట్టి మామూలు సెప్టిక్ ఇస్తారో, దిబ్బ పోసి కట్టమంటారో తేలుతుంది. బేస్‌మెంట్ పల్లంలో అయితే ఏడాదిలో సగం కాలం పంపు నడుస్తూనే ఉండాలి.

బ్లూబెర్రీ వద్దు. దానికి పుల్లటి నేల కావాలి. మీ వెనిగర్ బుడగలే చెప్పాయి, అడుగున సున్నం ఉంది. పైమన్ను కూడా పెద్దగా పుల్లగా ఉండదు. చెర్రీ, పీచ్ చెట్ల వేళ్లు తడికి కుళ్లిపోతాయి, అవి మెరకనే. బేరి కాస్త ఓర్చుకుంటుంది. పల్లం అంచున నీడ కావాలంటే చిత్తడి తెల్ల ఓక్, ఎర్ర మేపుల్ హాయిగా పెరుగుతాయి.

కూరగాయలకు అడుగున్నర ఎత్తు మడులు కట్టండి. గోంగూర, బెండ, తోటకూర వాటిలో బాగా వస్తాయి. చేమ ఒక్కటి నేల మీదే వేసి చూడవచ్చు, దానికి తడి ఇష్టం. ఆకులు తప్పక దక్కుతాయి, దుంపలు ఊరేంత కాలం ఇక్కడి ఎండలు ఉంటాయని నమ్మకం పెట్టుకోవద్దు. పల్లంలోకి చల్లగాలి దిగి నిలుస్తుంది కాబట్టి మెరకన లేని మంచు కూడా అక్కడ పడుతుంది, మే చివరి వరకు నారు నాటకండి. ఒకటి మాత్రం మరవకండి. నేల పదునుకు రాకముందు పార వేయవద్దు. గుప్పెడు మన్ను పిడికిట్లో నొక్కి బొటనవేలితో తోస్తే పొడిగా విడిపోవాలి. ముద్దగా సాగితే ఇంకో వారం ఆగండి. తడిమీద తొక్కితే ఆ నల్లమన్ను గడ్డకట్టి, ఆ ఏడాదికి మళ్లీ విడవదు.

పార వేసిన గుంటను పూడ్చేముందు అందులో కన్నాలున్న ప్లాస్టిక్ పైపు ఒకటి నాలుగడుగులది నిలబెట్టి, చుట్టూ ఇసుక పోసి, పైన మూత పెట్టండి. వారానికొకసారి కర్ర దించి నీరు ఎంత లోతున ఉందో తేదీతో రాసుకోండి. మెరకన కూడా అలాంటిదే ఒకటి పెట్టండి. వచ్చే జూన్ దాకా రాసిన అంకెలు ఇక్కడ పెడితే ఇల్లు ఎక్కడ కట్టాలో కలిసి చూద్దాం.