ఈ వారం సమస్య: చావు దొరికిన వానిదే జన్మఫలము

మాస్టారు (నిర్వాహకులు):
అందరికీ నమస్కారం. పోయిన చలికాలం మా అమ్మాయి దగ్గర టొరాంటోలో ఉన్నాను. సాయంత్రం ఐదు కాకముందే చీకటి పడిపోతుంది. బయటికి వెళ్ళే ఓపిక లేక అల్లుడు దాచుకున్న పాత డీవీడీలు వేసుకు కూర్చున్నాను. 'ఫరెవర్ నైట్' అని, ఆ ఊళ్ళోనే తీసిన సీరియల్. 1992 నుంచి 1996 వరకు మూడు సీజన్లు, 70 ఎపిసోడ్లు. హీరో నిక్ నైట్ హత్య కేసులు చూసే డిటెక్టివ్. కానీ రక్తపిశాచి. 1228లో కాటు పడింది, అప్పటినుంచీ చావు లేదు, ఎండ మొహం చూసింది లేదు. మళ్ళీ మామూలు మనిషి కావాలన్నదే అతని తపన. మనిషి కావడమంటే ఏమిటి? జుట్టు నెరవడం, మోకాళ్ళు నొప్పులు పుట్టడం, ఒకరోజు పోవడం. దానికోసం ఒకడు ఇంతగా తల్లడిల్లుతుంటే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి ఈ పాదం నోట్లో ఆడింది.

చావు దొరికిన వానిదే జన్మఫలము

ఇదే చివరి పాదంగా, ముందు మూడు పాదాలు రాసి పద్యం పూరించాలి. సీరియల్ మీదే రాయాలని లేదు. రాస్తే సంతోషిస్తాను. గడువు ఆదివారం రాత్రి.

పాలపిట్ట:
నమస్తే మాస్టారూ. నేను ఈ సీరియల్ మా అన్నయ్య పంపిన క్యాసెట్లలో చూశాను. చూసినవాళ్ళం ఇద్దరమైనా ఉన్నాం కాబట్టి ధైర్యం చేస్తున్నాను.

ఎనిమిదొందల యేండ్లుగా నెండ లేక
ఆవు నెత్తురు సీసాల నారగించి
మనిషి కావలెనని పెట్టె మనసు నిక్కు
చావు దొరికిన వానిదే జన్మఫలము

మాస్టారు (నిర్వాహకులు):
అమ్మా, 'మనసు నిక్కు' దగ్గర ఆగిపోయాను. నిక్ పేరూ అయింది, మనసు నిక్కడమూ అయింది. పేరుకి ఉకారం తగిలించి తెలుగు చేయడంలోనే శ్లేష పుట్టింది. ఇలా పుట్టిన శ్లేష అంటే నాకు ప్రాణం.

తుంగభద్ర:
శ్లేష బాగుంది, కాదనను. 'ఆవు నెత్తురు' మాత్రం నా గొంతు దిగలేదు. 'పశువు నెత్తురు' అంటే సరిపోతుంది కదా, గణం కూడా చెడదు.

పాలపిట్ట:
గణం చెడదు, యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడు) చెడుతుంది అన్నయ్యగారూ. 'ఆవు'కి 'ఆరగించి' పెట్టాను, 'పశువు'కి ఏం పెట్టమంటారు? పైగా అతను తాగేది ఆవు నెత్తురే. మనిషి నెత్తురు మానాలని సారా సీసాల్లో పోసి ఫ్రిజ్‌లో దాచుకుంటాడు. ఇంటికొచ్చి, కోటు కూడా విప్పకుండా, ఫ్రిజ్ తలుపు తీసి నిలబడే సీసా ఎత్తుతాడు. వ్యసనం మానలేనివాడు ఎలా నిలబడతాడో అలాగే. ఆ నిలబడడం చూస్తే జాలి వేస్తుంది. దాన్ని 'పశువు' అని మెత్తన చేస్తే ఆ జాలి పోతుంది.

గోదారి గట్టు:
చెల్లెమ్మ చెప్పిందే సబబు. 'పసుల నెత్తురు సీసాలఁ బట్టి తాగి' అంటే యతి నిలుస్తుంది కానీ పద్యం నీరుగారిపోతుంది. ఇదిగో నాది.

పేరు నైట్ వృత్తియు నైట్ బిరుదు నైట్
శిలువ యుద్ధాల కత్తియే చేత నాడు
నేడు పిస్తోలు నేరాలు నిగ్గు దేల్చు
చావు దొరికిన వానిదే జన్మఫలము

అతని ఇంటిపేరు నైట్. ఒకప్పుడు శిలువ యుద్ధాలకు వెళ్ళిన వీరుడు, ఆ బిరుదూ నైటే. ఇప్పుడు చేసేది నైట్ డ్యూటీ. ఇంగ్లీషులో రాస్తే స్పెల్లింగ్ అడ్డం పడుతుంది, తెలుగు లిపిలో మూడూ ఒక్కటే! ఇక సమస్య సంగతి. హత్యల విభాగంలో పనిచేసేవాడికి ఎక్కడో ఒక చావు కంటపడితేనే ఆ పూటకి పని. 'చావు దొరికిన వాడు' అంటే శవం దొరికిన డిటెక్టివ్ అన్నమాట.

పాలపిట్ట:
అబ్బ! 'దొరికిన'ని ఇలా విరవచ్చని నాకు తట్టనే లేదు.

తుంగభద్ర:
విరుపు సంగతి తర్వాత. మొదటి పాదం ఒకసారి గట్టిగా చదవండి గోదారి గట్టు గారూ. 'నైట్' ఒక్క గురువే. 'నైట్ వృత్తి' తగణమై అదృష్టం కొద్దీ గట్టెక్కారు. ఆ తర్వాత 'యు నైట్ బిరుదు' దగ్గర ఏ గణం వేశారో నాకు అంతుపట్టలేదు. పాదం చివర 'నైట్' అన్నచోట ఒక లఘువు ఎగిరిపోయింది. మనది అజంత భాష, మాట అచ్చుతోనే ముగియాలి అని నాకు మీరే చెప్పారు, నాలుగేళ్ళ కింద, నేను 'బస్' అని రాసినప్పుడు.

గోదారి గట్టు:
చెప్పాను. గుర్తుంచుకున్నందుకు సంతోషం. టైపు చేసేటప్పుడు వాడుకలో పలికినట్టు వేశాను. ఇదిగో సవరణ.

పేరు నైటు వృత్తియు నైటు బిరుదు నైటు

ఇప్పుడు గణాలూ కుదిరాయి, పే-బి యతీ కుదిరింది. లఘువులు లెక్కపెట్టడంలో మీకున్న శ్రద్ధ ఊహ మీద కూడా ఉంటే బాగుండును. 'రాత్రి సూర్యుని చూచెను రాక్షసుండు' సమస్యకి మీరేం చేశారు? 'అమెరికాలోని కొడుకుతో నాడు వేళ' అని మొదలుపెట్టి, రాక్షసుడి చేతికి వీడియో కాల్ ఇచ్చి, కొడుకు ఇంటి కిటికీలో సూర్యుణ్ణి చూపించారు. సమస్యను పూరించడమంటే దాని ముడి విప్పడం. ముడి పక్కనుంచి దాటిపోవడం కాదు.

తుంగభద్ర:
ఆ పూరణకి ఆ వారం మాస్టారే భేష్ అన్నారు. మన ఊళ్ళలో ప్రతి రెండో ఇంట్లో జరుగుతున్నదే రాశాను. మా ఇంట్లో అర్ధరాత్రి ఫోన్ తెరమీద ఎండ పడుతుంది. మా ఆవిడ ఆ ఎండను చూసి 'అక్కడ బట్టలు బాగా ఆరతాయి' అంటుంది. అందులో లేని ఊహ దేనిలో ఉంది చెప్పండి?

మాస్టారు (నిర్వాహకులు):
భేష్ అన్నమాట నిజమే, ఇప్పటికీ అంటాను. కానీ ఆ సమస్య ముగిసింది. తుంగభద్ర గారూ, మీ పూరణ కోసం చూస్తున్నాను.

తుంగభద్ర:
రాసే ఉంచాను.

ద్రోణసుతునకు మరణమ్ము దొరకకుండ
మూడు వేలేండ్లు తిరుగాడ మూడె గాదె
శౌరి శాపాన, నిక్కునుఁ జావు వెదకె
చావు దొరికిన వానిదే జన్మఫలము

చావులేకపోవడం శిక్ష అని మనవాళ్ళు భారతంలోనే చెప్పారు. అశ్వత్థామకి శౌరి, అంటే కృష్ణుడు, పెట్టిన శాపం మూడు వేల ఏళ్ళు ఒంటరిగా తిరగమని. పలకరించేవాడు ఉండడు, ఒంటినిండా నెత్తురు చీము కంపు. ఆ సీరియల్ తీసినవాళ్ళకి ఈ కథ తెలిసి ఉండకపోవచ్చు, బాధ మాత్రం అదే.

పాలపిట్ట:
'మూడు వేలేండ్లు', వెంటనే 'మూడె'. రెండో పాదం చాలాసార్లు చదువుకున్నాను.

గోదారి గట్టు:
పాదం బంగారం. ధారలో మీకు సాటి లేరని ఎప్పుడూ అంటాను, ఇప్పుడూ అంటున్నాను. పోలిక దగ్గరే నాకు పేచీ. అశ్వత్థామకి అది శాపం, తప్పించుకునే దారి లేక మోశాడు. నిక్‌కి ఎవరూ శాపం పెట్టలేదు. జానెట్ అనే రక్తపిశాచి మీద మోహంతో తానే ఒప్పుకుని, తనను కరిచిన లాక్రోయి ముందు మెడ వంచాడు. వరమనుకుని మింగాడు, తీరా మింగాక విషమని తెలిసింది. శాపం పడ్డవాడు దేవుణ్ణి తిట్టుకోవచ్చు. ఇతనికి తిట్టుకోవడానికి తను తప్ప ఇంకెవరున్నారు? మీ 'శౌరి శాపాన' అన్న మాట నిక్ మీదకి జారితే తప్పు అర్థం వస్తుంది.

తుంగభద్ర:
అందుకే 'శాపాన' తర్వాత విరామం పెట్టాను. అది చూడలేదు మీరు.

గోదారి గట్టు:
చూశాను. పద్యాన్ని చెవితో వినేవాడికి ఆ విరామం వినిపిస్తుందా అని నా సందేహం.

టొరాంటో తెలుగోడు:
చాలా రోజుల తర్వాత మా ఊరి పేరు ఇక్కడ చూశాను, మాట్లాడకుండా ఉండలేకపోయాను. నాకు పద్యం రాదు, వింటాను. ఒక చిన్న సంగతి. మాస్టారు చూసింది మా చలికాలం. డిసెంబరులో నాలుగు నలభైకే పొద్దు గూకుతుంది, అలాంటి డిటెక్టివ్‌కి పండగే. కానీ జూన్‌లో రాత్రి తొమ్మిది దాటాక గానీ సూర్యుడు దిగడు, పొద్దున ఐదున్నర దాటగానే మళ్ళీ ఎక్కుతాడు. పట్టుమని తొమ్మిది గంటల చీకటి కూడా దొరకదు. ఆ కాస్తలో శవాన్ని చూడాలి, సాక్షుల్ని అడగాలి, హంతకుణ్ణి పట్టుకోవాలి, తెల్లారకముందే ఇల్లు చేరాలి. అతను 1962 కెడిలాక్ నడిపేది షోకు కోసం కాదు. దాని డిక్కీ పెద్దది, దారిలో తెల్లారిపోతే అందులో దూరి మూత వేసుకోవచ్చు. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో గిడ్డంగిలో రాత్రి షిఫ్ట్ చేశాను. జూన్‌లో ఇంటికొచ్చి కిటికీలకి దుప్పట్లు కట్టుకుని పడుకునేవాణ్ణి. అందుకేనేమో ఆ సీరియల్ నాకు దయ్యాల కథలా అనిపించలేదు.

మాస్టారు (నిర్వాహకులు):
బాబూ, మీరు పద్యం రాదంటున్నారు కానీ ఆ దుప్పట్లు కట్టిన కిటికీ ఒక పద్యమే. తరచు వస్తూ ఉండండి.

కొత్తకలం:
అందరికీ నమస్కారం. నాది మూడో ప్రయత్నం. తప్పులుంటే చెప్పండి.

శవము బల్లపై లేచిన సమయమందు
బెదరకున్నట్టి నాటలీ విద్యతోడ
మరణ మిప్పించు మందును మరగఁ జేసె
చావు దొరికిన వానిదే జన్మఫలము

శవపరీక్షలు చేసే డాక్టర్ నాటలీ లాంబర్ట్ గురించి. ఆమె ముందు బల్లమీద శవంగా పడున్న నిక్ లేచి కూర్చుంటాడు, వాళ్ళ పరిచయం అలా మొదలైంది. ఆమె పారిపోకుండా, నిన్ను మనిషిని చేస్తాను అని పూనుకుంటుంది.

పాలపిట్ట:
తమ్ముడూ, ఎంత బాగుందో! వైద్యులు చావు తప్పించడానికి మందిస్తారు. ఈమె చావు రప్పించడానికి ఇస్తోంది, అదీ ప్రేమతో. సమస్యలోని వింత మొత్తం ఆ ఒక్క పాదంలోకి వచ్చేసింది.

టొరాంటో తెలుగోడు:
పద్యం నచ్చింది. ఒక్కటి చెప్పనా? ఆవిడ ఇచ్చేది కషాయం కాదు, చల్లటి ప్రోటీన్ షేక్. అతను ముక్కు మూసుకుని తాగుతాడు. 'మరగఁ జేసె' అంటే మా అమ్మమ్మ కాచే మిరియాల కషాయం గుర్తొచ్చింది.

కొత్తకలం:
అవును, నిజమే. మార్చాలని చూస్తున్నాను, 'మ' యతి వదలడం లేదు.

గోదారి గట్టు:
'మ'ని వదిలెయ్యి బాబూ. పాదం మొదలే మార్చు. షేక్ ఎలా చేస్తారు? చిలుకుతారు. అక్కణ్ణించి మొదలుపెట్టు.

చిలికి మరణమ్ము నిచ్చెడి షేకులిచ్చె

తుంగభద్ర:
ఆగండి. పాలసముద్రం చిలికితే ఏం వచ్చింది? చావు లేకుండా చేసే అమృతం. ఇక్కడ ఈమె చిలుకుతున్నది చావుని! నిక్ ఎనిమిది వందల ఏళ్ళ కింద తాగింది అమృతం, ఇప్పుడు దానికి విరుగుడు చిలుకుతోంది. గోదారి గట్టు గారూ, ఇది మీరు తెలిసే వేశారా?

గోదారి గట్టు:
షేక్ అనగానే కవ్వం గుర్తొచ్చింది, అంతే. అమృతం దాకా తీసుకెళ్ళింది మీరు.

తుంగభద్ర:
అయితే ఇది మీ పాదం, నా భాష్యం, ఈ అబ్బాయి పద్యం. ఇంగ్లీషు మాట 'షేకు'తో యతి వేయడం నాకు అలవాటు లేదు కానీ చి-షే మైత్రికి అడ్డు లేదు. 'షేకు' అన్నారు, 'షేక్' అనలేదు. చాలు.

కొత్తకలం:
ఇద్దరికీ పాదాభివందనం. సవరించిన పద్యం మళ్ళీ పెడుతున్నాను.

శవము బల్లపై లేచిన సమయమందు
బెదరకున్నట్టి నాటలీ విద్యతోడ
చిలికి మరణమ్ము నిచ్చెడి షేకులిచ్చె
చావు దొరికిన వానిదే జన్మఫలము

పాలపిట్ట:
మాస్టారూ, చివరి ఎపిసోడ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇంత కథ నడిపి అతనికి చావు దొరికిందా లేదా అన్నది తేల్చి చూపించలేదు. రక్తపిశాచిని చంపే కొయ్య మేకుని లాక్రోయి పైకెత్తడంతో ఆగిపోయింది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. మీకు ఏమనిపించింది?

మాస్టారు (నిర్వాహకులు):
నేనూ ఆ రాత్రి మేలుకునే ఉన్నానమ్మా, అల్లుడు లేచి 'ఇంకా పడుకోలేదా మామయ్యా' అనేవరకూ. నాటలీ నిక్ చేతుల్లోనే ఒరిగిపోయింది. ఆమె లేకుండా ఇంకో ఎనిమిది వందల ఏళ్ళు అతనికి వద్దు. తనకు చావులేనితనం ఇచ్చినవాడి చేతికే మేకు ఇచ్చాడు. లాక్రోయి అతణ్ణి కనలేదు, పెంచలేదు, కరిచాడు. దానికి తెలుగులో మాట లేక 'కాటుతండ్రి' అన్నాను, పెద్దలు మన్నించాలి. నిర్వాహకుడి పూరణ పోటీలో ఉండదు.

కాటు తండ్రికి మేకిచ్చి కాచి నిలిచె
ప్రియను విడువక రేపటి వెలుగు కొరకు
తెరను మూసిన నేమాయె తెలిసె మనకు
చావు దొరికిన వానిదే జన్మఫలము

ఈ వారం మెప్పు కొత్తకలం పద్యానికి. మూడో పాదం పక్కన గోదారి గట్టు గారి పేరు, భాష్యం పక్కన తుంగభద్ర గారి పేరు నా నోటుబుక్కులో రాసుకున్నాను.

తుంగభద్ర:
'కాటుతండ్రి' ఉంచండి మాస్టారూ, ఎవరికీ మన్నింపు చెప్పక్కర్లేదు. గోదారి గట్టు గారూ, వచ్చే నెల రాజమండ్రి వస్తున్నాను, మా మేనకోడలి పెళ్ళి. ఆ విరామం వినిపిస్తుందో లేదో మీ ముందే చదివి వినిపిస్తాను.

గోదారి గట్టు:
రండి. పుష్కరాల రేవు దగ్గర కూర్చుని వింటాను. 'బస్' పద్యం కూడా పట్టుకురండి.