అప్‌డేట్: మోడల్ రైల్వే ఎగ్జిబిషన్‌కు వెళ్లొచ్చాం

మా అబ్బాయికి మొదటి బొమ్మ రైలు సెట్ హెచ్‌ఓ సైజులో కొనాలా, ఎన్ సైజులో కొనాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. ముందు ఎగ్జిబిషన్‌లో రెండూ చూడమన్నారు. చాలా మంచి సలహా, థాంక్స్.

హెచ్‌ఓ అంటే అసలు రైలులో 87వ వంతు, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. ఎన్ అయితే 160వ వంతు, 9 మిల్లీమీటర్లు. పక్కపక్కన చూస్తేనే తేడా తెలిసింది. ఎన్ లేఅవుట్‌లో కొండలు, వంతెనలు, పొడవాటి గూడ్స్ బండి, అన్నీ చిన్న బల్ల మీదే! నాకైతే అదే నచ్చింది. కానీ ఆ బుల్లి చక్రాలను పట్టాల మీద కుదర్చడం పిల్లలకు కష్టం.

ఇంకోచోట ఒకే ట్రాక్ మీద రెండు ఇంజిన్లను వేర్వేరు వేగాలతో నడిపారు. అది డీసీసీ అనే డిజిటల్ కంట్రోల్ పద్ధతి; అందులో ప్రతి ఇంజిన్‌కూ సొంత అడ్రస్ (ఒక నంబరు) ఉంటుంది, సంకేతాలు పట్టాల గుండానే వెళ్తాయి. మావాడు అక్కణ్నుంచి కదిలితే ఒట్టు!

హెచ్‌ఓకే ఫిక్సయ్యాం. డీసీసీ సంగతి తర్వాత చూస్తాం.