బాల్ పైతాన్ పిల్ల ఐదు వారాలుగా తినడం లేదు. పెట్టె మార్చాలా, తిండి మార్చాలా?

ఫ్రిస్కో నాన్న | శనివారం ఉదయం

నమస్తే అండీ. మా అబ్బాయికి 14 ఏళ్లు. రెండేళ్లుగా పాము, పాము అని మా ప్రాణం తీశాడు. చివరికి ఇక్కడ డాలస్ దగ్గర జరిగిన ఒక మేళాలో బాల్ పైతాన్ పిల్లను కొన్నాం. మగది, నాలుగు నెలలది. కొన్న రోజు 112 గ్రాములు ఉంది, ఈరోజు వంటింటి త్రాసులో తూస్తే 108. ఇంటికొచ్చిన ఐదు వారాల్లో ఏమీ తినలేదు.

40 గ్యాలన్ల గాజు అక్వేరియం, పైన జాలీ మూత, ఎర్ర బల్బు, కింద కొబ్బరి పొట్టు, దాక్కోవడానికి ఒక కొబ్బరి చిప్ప. వేడి పక్క 88, చల్లటి పక్క 76. ఏసీ వల్ల తేమ 35 శాతం దాటడం లేదు. అమ్మినాయన దాన్ని చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉంచి బతికున్న చిట్టెలుకలు వేసేవాడట. మాకు ఆ పని చేతులు రాక ఫ్రోజెన్ ఎలుకపిల్లలు తెచ్చి, చల్లదనం పోయాక పెడుతున్నాం. అది ఒకసారి నాలుక ఆడించి పక్కకు పోతుంది.

మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఉంది, ఆ గది గడప తొక్కడం లేదు. మా ఆవిడ నాతో మాట్లాడటం తగ్గించింది. పాము చచ్చిపోతుందేమోనని మావాడికి టెన్షన్. స్కూల్ నుంచి రాగానే దాన్ని బయటికి తీసి గంటసేపు చేతిలో పెట్టుకుని బుజ్జగిస్తున్నాడు. ఏం చేయాలో చెప్పండి.

మౌనముని

పాలు పోసి చూశారా?

పాముల శీను

పాము పాలు తాగదు. ఇక్కడ ఆ జోకు ఇది వందోసారి.

ఫ్రిస్కో నాన్న గారూ, నాలుగు గ్రాములకు కంగారు పడకండి. ఒకసారి విసర్జిస్తే పోయే బరువు అది. పది శాతం దాటి తగ్గితే అప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. బాల్ పైతాన్ అలిగితే నెలల తరబడి తినదు, పెద్దవాటికి అది మామూలే.

మీ తప్పంతా పెట్టెలో ఉంది. అరచేతిలో పట్టే పిల్లను తీసుకెళ్లి ఫంక్షన్ హాల్లో వదిలారు. నాలుగు పక్కలా గాజు, నాలుగు పక్కలా మనుషులు. ఎటునుంచి ఏమొచ్చి మీద పడుతుందో అని చూసుకోవడానికే దానికి రాత్రి సరిపోతుంది, తిండి మీద ధ్యాస ఎక్కడుంటుంది?

అట్లాంటా దగ్గర మా గ్యారేజీలో 60 పాములున్నాయి. చెప్పుల పెట్టె సైజు ప్లాస్టిక్ డబ్బా, ఆరు క్వార్ట్లది తెచ్చుకోండి. సోల్డరింగ్ ఐరన్‌తో పక్కలకు చిల్లులు పెట్టండి. కింద పేపర్ టవల్, లోపల దూరడానికి ఒక గూడు, ఒక నీళ్ల గిన్నె, అంతే. డబ్బాలో మూడోవంతు కిందికి వచ్చేలా హీట్ మ్యాట్ పెట్టి థర్మోస్టాట్ 90 దగ్గర ఉంచండి. థర్మోస్టాట్ లేకుండా మ్యాట్ వాడొద్దు. పొట్ట కాలుతున్నా అది అక్కడే పడుకుంటుంది, మనలా లేచి పక్కకు జరగదు. వారం రోజులు ఎవరూ ముట్టుకోవద్దు, మీవాడితో సహా. ఎనిమిదో రోజు చీకటి పడ్డాక బతికున్న హాపర్ చిట్టెలుక వెయ్యండి. తినకపోతే నా పేరు మార్చుకుంటా.

కూకట్‌పల్లి కుర్రాడు

90 డిగ్రీలా అన్నా? ఫ్రై అయిపోదా?

పాముల శీను

ఫారెన్‌హీట్ తమ్ముడూ. మీ లెక్కలో 32.

ఆవకాయ జాడీ

నాకు ఒక్కటే సందేహం. ఆ ఫ్రోజెన్ ఎలుకలు ఏ ఫ్రీజర్‌లో పెడుతున్నారు?

సుజాత, లెస్టర్

శీను గారు చెప్పినవాటిలో వారం ముట్టుకోవద్దన్నది, థర్మోస్టాట్ మాట, ఆ రెండూ వెంటనే పాటించండి. మిగతాది నేను ఒప్పుకోను.

పెట్టె పెద్దదైతే వచ్చే నష్టం లేదు, ఖాళీగా ఉంటేనే నష్టం. మీ అక్వేరియానికి మూడు పక్కలా బయటి నుంచి నల్ల కాగితం అంటించండి. కొబ్బరి చిప్ప ఒకటి సరిపోదు. వేడి పక్క ఒక గూడు, చల్లటి పక్క అలాంటిదే ఇంకొకటి కావాలి, లేకపోతే వెచ్చదనం కావాలా, దాక్కోవడం కావాలా అని అది తేల్చుకోవాల్సి వస్తుంది. గూడు ఇరుకుగా ఉండాలి, చుట్ట చుట్టుకుంటే వీపు గోడకు తగలాలి. మధ్యలో ఖాళీ నేల కనపడకుండా ప్లాస్టిక్ ఆకులు, రెండు కొమ్మలు వేయండి. జాలీ మూత ముప్పావు వంతు అల్యూమినియం ఫాయిల్‌తో కప్పితే తేమ 60కి వస్తుంది. 35లో ఉంటే రేపు కుబుసం ముక్కలుముక్కలుగా ఊడి, కంటి మీది పొర అలాగే ఉండిపోతుంది. ఎర్ర బల్బు తీసేసి వెలుగు రాని సిరామిక్ హీటర్ పెట్టండి, దానికీ థర్మోస్టాట్ ఉండాలి.

ఇక తిండి. చల్లదనం పోయిందని మీకు అనిపిస్తే చాలదు. దాని పై పెదవి మీద వరసగా చిన్న గుంటలుంటాయి, వేడిని వాటితోనే పసిగడుతుంది. ముందురోజు రాత్రి కింది ఫ్రిజ్‌లో పెట్టి కరగనివ్వండి. తర్వాత జిప్ కవర్‌లో వేసి వేడి నీళ్లలో ముంచండి. తల దగ్గర 38 సెల్సియస్ రావాలి. తుడిచి, ఒక నిమిషం హెయిర్ డ్రయర్ పట్టి, పొడవాటి పటకారుతో తోక దగ్గర పట్టుకుని చూపించండి. మైక్రోవేవ్ మాత్రం వద్దు, పేలుతుంది.

బతికున్నది వేయమన్న సలహా నాకు అస్సలు నచ్చలేదు. మా దగ్గరున్న ఆడపాము పదకొండేళ్ల కిందట ఒకాయన వదిలించుకుంటే వచ్చింది. ఆయన బతికున్న ఎలుకను రాత్రంతా దాని డబ్బాలో వదిలేశాడు. పాముకు ఆకలి లేదు, ఎలుకకు ఉంది. వీపు మీద రెండు అంగుళాల మేర కొరికేసింది. ఇప్పటికీ అక్కడ పొలుసులు సరిగ్గా రాలేదు, చేయి వేస్తే మెత్తగా గుంట తగులుతుంది.

ఆవకాయ జాడీ

మైక్రోవేవా!! అసలు ఆ మాట ఎందుకొచ్చింది? ఎవరైనా పెట్టారా?

పాముల శీను

సుజాత గారూ, మిమ్మల్ని కొరికింది ఎలుక. నేను చెప్పింది హాపర్ చిట్టెలుక, అప్పుడే కళ్లు తెరిచినది. ఎలుక వేరు, చిట్టెలుక వేరు. ఈ థ్రెడ్‌లో అందరూ రెండింటినీ కలిపేస్తున్నారు.

సుజాత, లెస్టర్

నన్ను కొరకలేదు, పామును కొరికింది.

పాముల శీను

అదే. విషయం ఏంటంటే, ఆ పిల్ల పుట్టినప్పటి నుంచి చిట్టెలుక వాసనకు అలవాటు పడింది. వీళ్లు తెచ్చింది ఎలుకపిల్ల. అన్నం తినేవాడికి ఓట్స్ పెట్టి తినడం లేదంటే ఎలా? ముందు తెలిసిన తిండి పెట్టి, నాలుగుసార్లు తిన్నాక ఫ్రోజెన్‌కు మార్చుకోవచ్చు, ఎలుకకు కూడా మార్చుకోవచ్చు. నేనూ మారుస్తాను. దాని బరువులో పది, పదిహేను శాతం ఉండే తిండి వారానికొకటి చాలు, అంటే దీనికి 11 నుంచి 16 గ్రాములు.

ఇక గాజు పెట్టె. 2014లో మా మొదటి పాముకు ఒక షాపువాడు గాజు పెట్టె, ఎర్ర బల్బు, వేడెక్కే రాయి అన్నీ కలిపి 380 డాలర్లకు అంటగట్టాడు. ఏడు నెలలు తినలేదు. శీతాకాలంలో ముక్కు దగ్గర బుడగలు మొదలయ్యాయి, రాత్రి గదిలో కూర్చుంటే ఈల వేసినట్టు ఊపిరి వినపడేది. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ అన్నారు. ఫిబ్రవరిలో పోయింది. ఆ తర్వాత డబ్బాల్లో పెంచిన ఒక్క పిల్లా తిండి మానేసి చావలేదు.

సుజాత, లెస్టర్

మీ పాము పోయినందుకు నిజంగా బాధగా ఉంది. కానీ దాన్ని చంపింది గాజు కాదు. తేమ లేకపోవడం, చలి, వేడి రాయి.

పాముల శీను

గాజు పెట్టెలో తేమ నిలబడకపోతే అది గాజు తప్పు కాదా?

కూకట్‌పల్లి కుర్రాడు

మధ్యలో నాదొక ప్రశ్న. మా దగ్గర మే నెలలో హీటర్ కాదు, కూలర్ కావాలి. అసలు ఇక్కడ ఇది పెంచుకోవచ్చా?

సుజాత, లెస్టర్

మన అడవుల్లోని కొండచిలువ వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో ఉంది, దాన్ని ఇంట్లో పెట్టుకుంటే నేరం. బాల్ పైతాన్ ఆఫ్రికాది, వన్యప్రాణుల వ్యాపారం మీద ఉన్న అంతర్జాతీయ ఒప్పందం సైటిస్, దాని రెండో అనుబంధంలో ఉంది. 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది కాబట్టి ఇలాంటివి ఉన్నవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. కాగితాలు లేకుండా ఎవరైనా అమ్మజూపితే కొనొద్దు బాబూ.

పాముల శీను

అసలు విషయానికి రండి. ఇది ఘనా, టోగో, బెనిన్ ప్రాంతాల్లో చెదపుట్టల్లో, ఎలుక కలుగుల్లో పగలంతా ముడుచుకుని పడుకునే పాము. మనవైపు పుట్ట అనగానే పాము అనడం లేదూ, అలాగే. పుట్టలో కొమ్మలుంటాయా? ప్లాస్టిక్ మల్లెతీగ ఉంటుందా? చీకటి, ఇరుకు, వెచ్చదనం. నా డబ్బా ఆ పుట్టే.

సుజాత, లెస్టర్

పగలు సంగతి చెప్పారు. రాత్రి? 1998లో వచ్చిన ఒక అధ్యయనం ఉంది, ఆగ్నేయ నైజీరియా అడవుల్లో ఈ పాములు ఏం తింటున్నాయో చూశారు. 70 సెంటీమీటర్ల లోపు చిన్నవాటి కడుపుల్లో ఎక్కువగా దొరికింది పక్షులు. పక్షిపిల్ల చెదపుట్టలోకి నడిచొచ్చిందా? ఇదే చెట్టెక్కింది.

పాముల శీను

నైజీరియా అడవి వేరు, ఘనా పొలాలు వేరు.

సుజాత, లెస్టర్

అట్లాంటా గ్యారేజీ ఇంకా వేరు. సరే, మొహమాటం లేకుండా అడుగుతాను. 60 పాములను గూళ్లలో సొరుగుల్లా అమర్చినవారికి డబ్బా మంచిదనిపించడంలో వింతేముంది? అది పాముకు అనువా, గ్యారేజీకి అనువా?

పాముల శీను

వచ్చారండీ అసలు మాటకు. అవును మేడమ్, నేను పిల్లలను అమ్ముతాను. కొన్ని నెలలు ఆ డబ్బు కరెంటు బిల్లుకు కూడా సరిపోదు. ఇక్కడ ఫొటోల కోసం అడవి సెట్టింగ్ వేసి, మూడు నెలలు పాము తినకపోతే అర్ధరాత్రి నాకు మెసేజ్ పెట్టేవాళ్లు ఎంతమందో మీకు తెలియదు. నావి తింటాయి, కుబుసం ఒకే ముక్కగా విడుస్తాయి, గుడ్లు పెడతాయి. పాముకు ఇంకేం కావాలి?

సుజాత, లెస్టర్

ఆ “ఇంకేం కావాలి” దగ్గరే మీకూ నాకూ పడదు, ఎలుక దగ్గరా గాజు దగ్గరా కాదు. రాత్రి పదకొండు దాటాక మాది గూట్లోంచి వచ్చి, కొమ్మ మీదికి పాకి, తల కిటికీ వైపు వేలాడేసి అరగంట కూర్చుంటుంది. ఎందుకో నాకు తెలియదు. డబ్బాలో ఉంటే ఆ పని చేసేది కాదు, చేస్తుందని నాకు తెలిసేదీ కాదు.

పాముల శీను

అది సరదాగా కూర్చుందని మీకెవరు చెప్పారు? బయటపడే దారి వెతుకుతోందేమో.

మౌనముని

ఇద్దరిలో ఎవరైనా పాముని అడిగారా? అన్నట్టు ఫిలడెల్ఫియా జూలో ఒక బాల్ పైతాన్ 47 ఏళ్లు బతికింది. సెయింట్ లూయిస్ జూలో 2020లో ఒకటి 60 దాటిన వయసులో ఏడు గుడ్లు పెట్టింది. ఊరికే చెప్తున్నా.

ఫ్రిస్కో నాన్న | ఆదివారం రాత్రి

47 ఏళ్లా? నాకు ఇప్పుడు 45 అండీ.

ఇంతదూరం వచ్చాక నిజం చెప్పేస్తాను. ఇది తినకపోతే ఆ వంకతో అమ్మినాయనకే తిరిగి ఇచ్చేయొచ్చన్న ఆలోచన నాకు మొదటి వారం నుంచీ ఉంది. అందుకే సరిగ్గా వేడి చేశానో లేదో కూడా పట్టించుకోలేదు. మావాడు నాలుగేళ్లలో కాలేజీకి పోతాడు, హాస్టల్లో పామును రానివ్వరు. అప్పుడు దీనికి ఎలుకలు కరిగించేది నేనే. మా ఆవిడ కోపం కూడా పాము మీద కాదు, ఈ సంగతి కొనేముందు నేను ఆలోచించలేదని.

సుజాత, లెస్టర్

ఇచ్చేసేదైతే ఇప్పుడే ఇచ్చేయండి. పెద్దదయ్యాక ఎవరూ తీసుకోరు. ఇక్కడ సంరక్షణ కేంద్రాలకు వచ్చే పాముల్లో ఇవి చాలానే ఉంటాయి.

పాముల శీను

దీనికి మాత్రం ఆవిడతో ఏకీభవిస్తాను. పిల్లాడితో కూర్చుని మాట్లాడండి, వాడికి చెప్పకుండా మాత్రం ఇవ్వొద్దు. మా నాన్న నా కుక్కను అలాగే ఇచ్చేశాడు, నేను స్కూల్లో ఉండగా.

ఆవకాయ జాడీ

ఫ్రీజర్ సంగతి ఎవరూ చెప్పలేదు. పైగా వంటింటి త్రాసులో తూచారట. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా గురించి విన్నారా?

ఫ్రిస్కో నాన్న | పదకొండు రోజుల తర్వాత

మావాడితో మాట్లాడాను. కాలేజీకి వెళ్లేముందు తనే మంచి ఇల్లు వెతికిపెడతానని కాగితం మీద రాసి సంతకం చేశాడు. దానికి విలువెంతో నాకు తెలుసు, అయినా దాచాను.

పెట్టెకు మూడు పక్కలా నల్ల కాగితం అంటించాం, రెండు గూళ్లు పెట్టాం, మూతకు ఫాయిల్ కప్పాం, సిరామిక్ హీటర్‌కు థర్మోస్టాట్ తగిలించాం. తొమ్మిది రోజులు ఎవరం ముట్టుకోలేదు. ఎలుకపిల్ల బదులు చిట్టెలుక హాపర్ తెచ్చాం, ఫ్రోజెన్‌దే. నిన్న రాత్రి సుజాత గారు చెప్పినట్టు వేడి చేసి పటకారుతో చూపిస్తే గూట్లోంచి తల మాత్రమే బయటపెట్టింది. ఒక నిమిషం కదల్లేదు. మావాడు ఊపిరి బిగబట్టాడు. నేను కన్ను ఆర్పేలోపు పటకారు ఖాళీ, హాపర్ చుట్టూ రెండు చుట్లు. గది బయట గడప దగ్గర నిలబడి మా అమ్మ “తిందా?” అని అడిగింది.

పాముల శీను

చెప్పానా. చీకటి చేసి, ఇరుకు చేసి, చిట్టెలుక పెడితే తిన్నది. అంటే మీరు గాజు పెట్టెను డబ్బా చేశారు. ఇప్పుడు రెండు రోజులు ముట్టుకోవద్దు, కక్కేస్తుంది.

సుజాత, లెస్టర్

40 గ్యాలన్ల గాజు పెట్టెలో, ఫ్రోజెన్ తిన్నది. నేను ఇంకేమీ అనను.

పాముల శీను

అనేశారుగా.

ఫ్రిస్కో నాన్న

ఏది పనిచేసిందో నాకూ తెలియదండీ, అన్నీ ఒకేసారి మార్చాను. ఆవకాయ జాడీ గారూ, గ్యారేజీలో చిన్న ఫ్రీజర్ కొన్నాం, పాముకు వేరే త్రాసు కూడా కొన్నాం. మా ఆవిడ పెట్టిన మొదటి షరతు అదే.

ఆవకాయ జాడీ

మరి ఈ ఐదు వారాలు ఎక్కడ పెట్టారు?