మూడుల్‌లో డిపార్ట్‌మెంట్ల వారీగా యూజర్లని పెట్టాలంటే కేటగిరీనా, కోహార్టా, గ్రూపా?

ట్రైనింగ్_డెస్క్:

అందరికీ నమస్కారం. మా ఆఫీసులో ట్రైనింగ్ కోసం మూడుల్ 4 (ఆన్‌లైన్ కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్) వాడుతున్నాం. యూజర్లు 400 మంది దాకా ఉంటారు. సేల్స్, అకౌంట్స్, స్టోర్స్, సపోర్ట్, హెచ్‌ఆర్ ఇలా డిపార్ట్‌మెంట్లు చాలానే ఉన్నాయి కానీ మూడుల్‌లో మాత్రం అందరూ ఒకే లిస్టులో కలిసిపోయి ఉన్నారు. కొత్త కోర్సు పెట్టిన ప్రతిసారీ ఎక్సెల్ షీటు పక్కన పెట్టుకుని ఎవరు ఏ డిపార్ట్‌మెంటో చూసుకుంటూ ఒక్కొక్కళ్ళని ఎన్‌రోల్ చెయ్యాల్సి వస్తోంది, ప్రాణం మీదకొస్తోంది. నాకు కావాల్సిందల్లా డిపార్ట్‌మెంట్ మొత్తాన్ని ఒకేసారి కోర్సులో పడేయాలి, ఎవరైనా ట్రాన్స్‌ఫర్ అయితే వాళ్ళ కోర్సులు కూడా మారిపోవాలి, ప్రతి డిపార్ట్‌మెంట్ హెడ్‌కి వాళ్ళ మనుషుల మార్కులు మాత్రమే కనపడాలి. డిపార్ట్‌మెంటుకో కేటగిరీ చేసి కోర్సులన్నీ అందులో పెట్టేస్తే సరిపోతుందని ఒకరన్నారు, నిజమేనా? ఇంకో సంగతి, కొంతమంది రెండు డిపార్ట్‌మెంట్లలో పని చేస్తారు.

సైట్_అడ్మిన్_పాత:

కేటగిరీ దారిలో వెళ్ళకండి. కేటగిరీ అనేది కోర్సులని సర్దుకోవడానికి, మనుషుల్ని సర్దడానికి కాదు. సేల్స్ కేటగిరీలో కోర్సు పెట్టినంత మాత్రాన సేల్స్ వాళ్ళు అందులోకి వచ్చెయ్యరు, ఎన్‌రోల్‌మెంట్ మళ్ళీ విడిగా చెయ్యాల్సిందే. పైగా అన్ని డిపార్ట్‌మెంట్లకీ కామన్‌గా ఉండే కోర్సు, అదే సేఫ్టీ ట్రైనింగ్ లాంటిది, ఏ కేటగిరీలో పెడతారు? అక్కడ ఆగిపోతారు, లేదా అదే కోర్సుకి డిపార్ట్‌మెంటుకో కాపీ చేసి అన్నింటినీ అప్‌డేట్ చేసుకుంటూ కూర్చుంటారు.

మీకు కావాల్సింది కోహార్ట్, అంటే కొంతమంది యూజర్లని ఒక పేరు కింద పెట్టుకునే లిస్టు. సైట్ లెవెల్‌లో డిపార్ట్‌మెంటుకో కోహార్ట్ చెయ్యండి, ప్రతిదానికీ ఐడీ నంబర్ తప్పకుండా ఇవ్వండి, పేరు రేపు మారినా ఐడీ మారదు కాబట్టి ఫైల్ అప్‌లోడ్‌లో అదే వాడుకోవచ్చు. తర్వాత కోర్సులోకి వెళ్ళి పార్టిసిపెంట్స్‌లో ఎన్‌రోల్‌మెంట్ మెథడ్స్ తెరిచి కోహార్ట్ సింక్ యాడ్ చెయ్యండి, కోహార్ట్ ఏదో, రోల్ (కోర్సులో వాళ్ళు స్టూడెంటా, టీచరా అన్నది) ఏదో ఎంచుకోండి, అంతే. ఆ తర్వాత కోహార్ట్‌లోకి ఎవరొచ్చినా ఆ కోర్సులో వాళ్ళంతట వాళ్ళే చేరిపోతారు, కోహార్ట్‌లోంచి తీసేస్తే కోర్సులోంచి కూడా పోతారు.

రెండు డిపార్ట్‌మెంట్ల వాళ్ళ గురించి అడిగారు కదా, ఒక మనిషి ఎన్ని కోహార్టుల్లో అయినా ఉండొచ్చు. రెండు కోహార్టులూ ఒకే కోర్సుకి సింక్ అయి ఉంటే ఆ మనిషికి అక్కడ రెండు ఎన్‌రోల్‌మెంట్లు పడతాయి, ఒకటి పోయినా రెండోది ఉన్నంతవరకు కోర్సులోనే ఉంటారు, కంగారు పడక్కర్లేదు.

ట్రైనింగ్_డెస్క్:

చాలా థ్యాంక్సండీ, కోహార్ట్ అనేది ఒకటుందని చూశాను కానీ దేనికో అర్థం కాలేదు. అయితే యూజర్ ప్రొఫైల్‌లో డిపార్ట్‌మెంట్ అని ఒక ఫీల్డ్ ఉంది కదా, అది నింపితే కోహార్ట్‌లో ఆటోమేటిక్‌గా పడరా? హెడ్ సంగతి కూడా కొంచెం చెప్పండి ప్లీజ్.

సైట్_అడ్మిన్_పాత:

పడరు. ఆ ఫీల్డ్ మామూలు టెక్స్ట్ బాక్స్, దానికీ కోహార్ట్‌కీ మూడుల్‌లో సంబంధమే లేదు. పైగా ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు రాసుకుంటారు, ఒకరు హెచ్‌ఆర్ అంటారు, ఒకరు హ్యూమన్ రిసోర్సెస్ అంటారు, ఇంకొకరు చివర స్పేస్ వదిలేస్తారు, రిపోర్టు తీస్తే మూడూ మూడు డిపార్ట్‌మెంట్లుగా వస్తాయి. అందుకే ముందు ఆ ఫీల్డ్‌ని లాక్ చెయ్యండి, లాగిన్ సంగతి చూసే ఆథెంటికేషన్ ప్లగిన్ (మూడుల్‌కి తగిలించే ముక్క) సెట్టింగ్స్‌లో ఉంటుంది. ఇంకా మంచిది, కస్టమ్ ప్రొఫైల్ ఫీల్డ్ ఒకటి డ్రాప్‌డౌన్‌గా చేసుకోండి, ఇచ్చిన పేర్లలోంచే ఎంచుకోవాలి కాబట్టి స్పెల్లింగుల గొడవ ఉండదు. ప్రొఫైల్ ఫీల్డ్ చూసి కోహార్ట్‌లో వేసే ప్లగిన్లు ఉన్నాయి, మీ వెర్షన్‌కి సరిపోయేది చూసుకుని టెస్ట్ సైట్‌లో వేసి చూడండి.

400 మందిని చేత్తో పెట్టకండి, యూజర్ల సీఎస్‌వీ (ఎక్సెల్ షీటుని సేవ్ చేసుకోగలిగే టెక్స్ట్ ఫైల్) అప్‌లోడ్ ఉంది. అందులో యూజర్‌నేమ్ కాలమ్, డిపార్ట్‌మెంట్ కాలమ్, కోహార్ట్1 అనే కాలమ్ పెట్టండి, రెండు డిపార్ట్‌మెంట్ల వాళ్ళకి కోహార్ట్2 కూడా. అప్‌లోడ్ టైపులో కొత్తవాళ్ళని యాడ్ చేసి పాతవాళ్ళని అప్‌డేట్ చేసే ఆప్షన్ తీసుకోండి, దాని కింద పాత యూజర్ల డీటెయిల్స్ ఏం చెయ్యాలి అని ఇంకో సెట్టింగ్ ఉంటుంది, దాన్ని మార్పు వద్దు అన్నదాని మీద వదిలేస్తే డిపార్ట్‌మెంట్ కాలమ్ అసలు పట్టించుకోదు. ఫైల్‌లో ఉన్నదానితో ఓవర్‌రైడ్ చెయ్యమని పెట్టాలి.

ఇక హెడ్. గ్రూప్ అంటే ఒక కోర్సు లోపల మనుషుల్ని విడగొట్టేది. కోర్సులో గ్రూప్ మోడ్‌ని సెపరేట్ గ్రూప్స్ చెయ్యండి, అంటే ఒక గ్రూప్ వాళ్ళకి ఇంకో గ్రూప్ కనపడదు. కోహార్ట్ సింక్ పెట్టేటప్పుడే యాడ్ టు గ్రూప్ అని అడుగుతుంది, అక్కడ కొత్త గ్రూప్ చెయ్యమంటే ఆ కోహార్ట్ పేరుతో గ్రూప్ తయారై అందరూ అందులో పడతారు. హెడ్‌ని నాన్ ఎడిటింగ్ టీచర్‌గా (మార్కులు చూడగలరు, కోర్సుని మార్చలేరు) ఎన్‌రోల్ చేసి అదే గ్రూప్‌లో వెయ్యండి, వాళ్ళ గ్రూప్ మార్కులు మాత్రమే కనపడతాయి. టీచర్ రోల్ మాత్రం ఇవ్వొద్దు, దానికి అన్ని గ్రూపులూ చూసే పర్మిషన్ మొదట్నుంచీ ఉంటుంది, మీరు పెట్టిన గోడ లేనట్టే.

ఎల్ఎంఎస్_సపోర్ట్:

పైన చెప్పింది కరెక్టే, నేను రెండు విషయాలు కలుపుతాను ఎందుకంటే ట్రాన్స్‌ఫర్ దగ్గరే చాలామందికి దెబ్బ తగులుతుంది.

మొదటిది, సీఎస్‌వీలో కోహార్ట్ కాలమ్ కొత్త కోహార్ట్‌లో చేరుస్తుందే గానీ పాతదాంట్లోంచి తియ్యదు. స్టోర్స్ మనిషిని అకౌంట్స్‌కి మార్చి ఫైల్ ఎక్కించారనుకోండి, ప్రొఫైల్‌లో అకౌంట్స్ అని మారుతుంది, అకౌంట్స్ కోర్సులు వస్తాయి, కానీ స్టోర్స్ కోర్సులు కూడా అలాగే ఉంటాయి. పాత కోహార్ట్‌లోంచి విడిగా తీసెయ్యాలి.

రెండోది దీనికంటే ముఖ్యం. అలా తీసేసినప్పుడు ఏం జరగాలి అన్నది కోహార్ట్ సింక్ ప్లగిన్ సెట్టింగ్స్‌లో ఎక్స్‌టర్నల్ అన్‌ఎన్‌రోల్ యాక్షన్ అని ఉంటుంది. డిఫాల్ట్‌గా కోర్సులోంచి పూర్తిగా అన్‌ఎన్‌రోల్ చేస్తుంది, దాంతో ఆ కోర్సులో ఆయన మార్కులు గ్రేడ్‌బుక్ (కోర్సు మార్కుల పట్టిక) లోంచి మాయమవుతాయి. ఏడాది కష్టపడి పూర్తి చేసిన ట్రైనింగ్ ఒక ట్రాన్స్‌ఫర్‌తో కనపడకుండా పోతే ఆ మనిషికి ఎంత అన్యాయమో ఆలోచించండి, ఆడిట్ వస్తే మీకూ ఇబ్బందే. దాన్ని డిజేబుల్ చేసి రోల్స్ తీసెయ్యమనే ఆప్షన్‌కి మార్చండి, అప్పుడు కోర్సు ఓపెన్ కాదు కానీ రికార్డు అలాగే ఉంటుంది. ఒక్క కోహార్ట్ సింక్ చెయ్యకముందే ఈ సెట్టింగ్ మార్చుకోండి. అలాగే ఉద్యోగం మానేసిన వాళ్ళని డిలీట్ కొట్టకండి, సస్పెండ్ చెయ్యండి చాలు.

ట్రైనింగ్_డెస్క్:

అమ్మో ఇది చెప్పకపోతే నేరుగా సింక్ పెట్టేసేవాణ్ణి, సెట్టింగ్ ఇప్పుడే మార్చాను. చివరిగా ఒక్కటి, సేల్స్ కింద ఫీల్డ్ సేల్స్, ఆన్‌లైన్ సేల్స్ అని సబ్ డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి, కోహార్ట్ లోపల కోహార్ట్ పెట్టొచ్చా?

ఎల్ఎంఎస్_సపోర్ట్:

పెట్టలేరండి, కోహార్టులన్నీ ఒకే వరసలో ఉంటాయి, చెట్టులా కొమ్మలు రావు. రెండే సబ్ డిపార్ట్‌మెంట్లు అయితే రెండు కోహార్టులు చేసి, సేల్స్ అందరికీ ఉమ్మడి కోర్సులో రెండింటినీ సింక్ చెయ్యండి. ఐడీ నంబర్లు సేల్స్-ఫీల్డ్, సేల్స్-ఆన్‌లైన్ అని ఒకే ముక్కతో మొదలుపెడితే సెర్చ్‌లో పక్కపక్కనే దొరుకుతాయి.

అలా కాదు, మాకు నిజంగానే నాలుగైదు అంచెలు ఉన్నాయి, ప్రతి అంచెలో మేనేజర్ కింద వాళ్ళందరి రిపోర్టూ చూడాలి అంటే మామూలు మూడుల్‌తో కుస్తీ పట్టొద్దు. కంపెనీల కోసం డబ్బు తీసుకుని ఇచ్చే మూడుల్ వర్క్‌ప్లేస్‌లో డిపార్ట్‌మెంట్లు, పొజిషన్లు అన్న నిర్మాణం లోపలే ఉంది. డబ్బు పెట్టలేం అంటే మూడుల్ మీదే కట్టిన ఐయోమ్యాడ్ చూడండి, ఓపెన్ సోర్సే, కంపెనీ కింద డిపార్ట్‌మెంట్, దాని కింద ఇంకో డిపార్ట్‌మెంట్ పెట్టుకోవచ్చు.

సైట్_అడ్మిన్_పాత:

400 మందికి అంత అక్కర్లేదనే నా అభిప్రాయం. ముందు ఒక్క చిన్న డిపార్ట్‌మెంటుతో, ఒక్క కోర్సుతో మొదలుపెట్టి, ఒక డమ్మీ యూజర్‌ని అందులో వేసి, ఇంకో కోహార్ట్‌కి మార్చి, పాత కోర్సు గ్రేడ్‌బుక్‌లో ఏం మిగిలిందో చూడండి. అది సరిగ్గా వస్తే మిగతావి ఎక్కించండి.