16 కిలోమీటర్లకి రూమ్ ఎందుకు? గోపాలపూర్‌లో రాత్రి ఉండాలా, వద్దా

పట్టుచీర_బరంపురం
ఈ వారాంతం హైదరాబాద్ నుంచి మా ఆడపడుచు వాళ్లు వస్తున్నారు. వాళ్లకి సముద్రం అంటే పిచ్చి. శనివారం రాత్రికి ఒడిశా తీరంలోని గోపాలపూర్‌లో రూమ్ తీద్దామని నేను. "బరంపురం నుంచి ఉన్నదే 16 కిలోమీటర్లు, ఇంట్లో మంచాలు పెట్టుకుని అక్కడ అద్దె కట్టడమేంటి? సాయంత్రం వెళ్లి, కాసేపు కూర్చుని, రాత్రి భోజనానికి ఇంటికి వచ్చేద్దాం" అని మావారు. ఇంట్లో రెండు పార్టీలయ్యాం. మీరెటు?

గిరిరోడ్డు_బాబాయ్
నేను మీవారి పార్టీ అమ్మా. పోయిన డిసెంబరులో మా వియ్యాలవారి కోసం రెండు రూములు తీశాను. "సీ వ్యూ" అని చెప్పి మరీ డబ్బులు ఎక్కువ తీసుకున్నారు. కిటికీ తెరిస్తే ఎదురుగా పక్క లాడ్జి నీళ్ల ట్యాంకు, దాని చాటు నుంచి జానెడు సముద్రం. వియ్యపురాలు ఆ జానెడు చూడ్డానికి కుర్చీ ఎక్కింది. రాత్రి ఒంటిగంట దాకా కింద పాటలు.
మా చిన్నప్పుడు సైకిళ్ల మీద వెళ్లి వచ్చేవాళ్లం, ఒడ్డున కుక్కలు తప్ప ఎవరూ ఉండేవారు కాదు. ఇప్పుడు ఆదివారం సాయంత్రం వెళ్తే బరంపురంలో మనం తప్పించుకు తిరిగేవాళ్లందరూ అక్కడే కనబడతారు. ప్రశాంతత కావాలంటే ఇచ్ఛాపురం వైపు సోనాపూర్ వెళ్లండి, బాహుదా నది సముద్రంలో కలిసే చోటు. క్యారేజీ మాత్రం కట్టుకెళ్లండి.

రంగం_మనవడు
బాబాయ్, ఆదివారం సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా చూసి ఊరంతా అంతే అంటే ఎలా? మా ముత్తాత ఆ ఒడ్డునే ఓడెక్కి రంగం (ఇప్పటి యాంగాన్) వెళ్లాడు. మన గంజాం, శ్రీకాకుళం జనం ఎంతమంది అలా కూలికి వెళ్లారో! రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్లు బర్మా మీద పడ్డాక ఆ రాకపోకలు ఆగిపోయాయి. పాత గోడౌన్ల గోడలు కొన్ని ఇంకా నిలబడే ఉన్నాయి, రావిమొక్కలు మొలిచి. లైట్‌హౌస్ 1871 నాటిది. 1914లోనే ఒక ఇటలీ ఆయన అక్కడ హోటల్ కట్టాడు. పోర్టు పోయాక ఊరు నిద్రపోయింది, ఆ నిద్రే దాని అందం. అది చూడాలంటే రాత్రి తొమ్మిది దాటాక, జనం బళ్లెక్కి వెళ్లిపోయాక ఉండాలి.

తీరంవాడు
నేను అక్కడే పుట్టాను. మాది చేపలవేట, ఒడియావాళ్లు మమ్మల్ని నోలియాలంటారు, ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. అక్కా, రాత్రి ఉండండి. రాత్రి కోసం కాదు, తెల్లారి కోసం. ఐదున్నరకి బోట్లు ఒడ్డుకొస్తాయి. కవళ్లు, కానాగడతల్లాంటి చేపలు ఇసుకమీదే కుప్ప పోస్తారు. మా అమ్మావాళ్లు చుట్టూ చేరి పాట పాడతారు. పాటంటే వేలంపాట, ఒక్కో గంపకి ఒక్కో గొడవ. ఏడున్నరకల్లా అంతా ఖాళీ, చేపపొలుసులు, కాకులు మిగులుతాయి. పదింటికి వచ్చి "ఇక్కడేముంది" అంటారు టూరిస్టులు.
ఒక్క మాట, పిల్లల్ని మోకాళ్ల లోతు దాటనివ్వకండి. కెరటం వెనక్కి తీసేటప్పుడు మడమల కింద ఇసుక కోసుకుపోతుంది. చెరువులో ఈత నేర్చినవాళ్లే ఎక్కువ ధైర్యం చేస్తారు.

గిరిరోడ్డు_బాబాయ్
అంతా బాగుంది తమ్ముడూ. రాత్రి ఉండే బాపతే కదా ఒడ్డున సీసాలు పగలగొట్టేది?

తీరంవాడు
నిజమే బాబాయ్, కాదనను. అలివి వల లాగుతూ మా అమ్మ సీసా పెంకు మీద కాలు వేసింది. వల వదిలితే చేప పోతుందని మొత్తం ఒడ్డుకి లాగాకే కూర్చుంది. నాలుగు కుట్లు. ఆ సీసా ఎవడు పగలగొట్టాడో మాత్రం తెలీదు. సాయంత్రం బైకుల మీద వచ్చి పోయేవాళ్లూ తక్కువ తినలేదు.

బడిపంతులు_ఛత్రపూర్
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. "రాత్రి ఉందాం" అన్న సరదా ఫిబ్రవరి, మార్చిల్లో రుషికుల్య మొగ (ఆ నది సముద్రంలో కలిసే చోటు) దాకా పాకుతోంది, నా భయం అది. 2025 ఫిబ్రవరిలో అక్కడ సుమారు 7 లక్షల ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టాయి. నెలన్నర తర్వాత పిల్లలు బయటికొచ్చి, వెలుతురు ఉన్న వైపు పాకుతాయి. సముద్రం మీది వెలుగనుకుని హోటల్ లైటు వైపో, మన ఫోన్ టార్చి వైపో వస్తే కుక్కలకి దొరుకుతాయి. గోపాలపూర్‌లో ఎన్ని రాత్రులైనా ఉండండి. అక్కడికి మాత్రం అటవీశాఖవాళ్లు రమ్మన్న వేళకే, నిలబడమన్న చోటికే.

తీరంవాడు
మాస్టారూ, నవంబరు 1 నుంచి మే 31 దాకా ఆ మొగ దగ్గర, 20 కిలోమీటర్ల దాకా వేట నిషేధం. ఏడు నెలలు! తాబేలు బతకాలి, సరే, ఒప్పుకున్నాం. వల వేసినవాణ్ణి పట్టుకుంటారు, టార్చి వేసినవాణ్ణి పట్టుకోవడం నేనింకా చూడలేదు.

రంగం_మనవడు
ఆ ఒక్కదానికి బాబాయ్ దగ్గర కూడా జవాబు ఉండదు.

గిరిరోడ్డు_బాబాయ్
లేదు. అయినా రూమ్ విషయంలో నా మాట అదే.

పట్టుచీర_బరంపురం
ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. మా ఆడపడుచు వేలంపాట దగ్గరే పడిపోయింది. శనివారం కాకుండా ఆదివారం రాత్రికి తీసుకుంటున్నాం. జనం తిరుగు ప్రయాణంలో ఉంటారు, అద్దె కూడా కాస్త తగ్గించారు. వాళ్ల రైలు సోమవారం మధ్యాహ్నం. మావారికి సోమవారం ఆఫీసు ఉందట, సెలవు పెట్టరట. ఇంట్లో మంచాలు ఆయనకే వదిలేస్తున్నాం. బాబాయ్, కిటికీ తెరిచి చూశాకే అడ్వాన్స్ ఇస్తాను.

తీరంవాడు
ఐదింటికల్లా ఒడ్డున ఉండండి అక్కా. చేపలకి సంచి తెచ్చుకోండి, గుడ్డది. చిల్లర కూడా ఉంచుకోండి, మా అమ్మ ఐదొందల నోటు తీసుకోదు.