ఫైల్ మీద ఎస్‌క్యూఎల్: ఫ్రమ్ తర్వాత ఫైల్ పేరు చాలా, ఫంక్షన్ రాయాల్సిందేనా?

మడికొండ_డేటా:
వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో కొందరు అడ్తిదారుల కోసం చిన్న టూల్ రాస్తున్నాం. తక్‌పట్టీల (రైతుకిచ్చే అమ్మకం చీటీల) లెక్క రోజూ సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైల్‌గా వస్తుంది. డేటాబేస్‌లోకి ఎక్కించకుండా నేరుగా ఫైల్ మీదే ఎస్‌క్యూఎల్ క్వెరీ నడవాలి. డక్‌డీబీ అనే డేటాబేస్‌లో లాగా ఫ్రమ్ 'మిర్చి.సీఎస్‌వీ' అంటే చాలా? లేక ఫ్రమ్ రీడ్_సీఎస్‌వీ('మిర్చి.సీఎస్‌వీ', హెడర్ => ట్రూ) అని (హెడర్ అంటే మొదటి వరుసలో కాలమ్ పేర్లున్నాయని చెప్పడం) టేబుల్ ఫంక్షన్, అంటే ఫైల్‌ని టేబుల్‌గా తిప్పిచ్చే ఫంక్షన్, తప్పనిసరి చేయాలా? టీంలో రెండు రోజులుగా ఇదే లొల్లి.

కాజీపేట_జంక్షన్:
పేరు చాలు. డక్‌డీబీ కూడా ఎక్స్‌టెన్షన్ (పేరు చివరి .సీఎస్‌వీ) చూసి లోపల దాన్ని రీడ్_సీఎస్‌వీగానే మార్చుకుంటుంది. స్పార్క్‌లో సీఎస్‌వీ అని రాసి, చుక్క పెట్టి, బ్యాక్‌టిక్‌లలో పాత్ ఇస్తే సరిపోతుంది. అదే మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఓపెన్‌రోసెట్ చూడండి: బల్క్ అనాలి, ఫార్మాట్ చెప్పాలి, మళ్లీ విత్ పెట్టి కాలమ్‌లన్నీ ఏకరువు పెట్టాలి. ఇవాళ ఎన్ని లాట్లు వచ్చాయో లెక్కపెట్టడానికి ఇంత తతంగమా?

పాత_డీబీఏ:
తమ్మీ, టైప్ చేయడం కష్టమని సింటాక్స్ డిజైన్ చేయరు. మిర్చి ఫైల్‌లో 'రకం' అని కాలమ్ ఉంటుంది. తేజ, వండర్ హాట్, 341, అన్నీ మిర్చి రకాల పేర్లే. ఒకరోజు ఒక అడ్తికి 341 రకం లాట్లే వచ్చాయనుకో. టూల్ ఆ కాలమ్‌ని అంకెలనుకుంటుంది. మర్నాడు తేజ రాగానే అదే కాలమ్ టెక్స్ట్. రెండు ఫైళ్లూ కలిపి చదువు, ఏమవుతుందో చూడు. డక్‌డీబీ మామూలుగా 20480 వరుసలు శాంపిల్ తీసి కాలమ్ టైప్ (అంకెలా, టెక్స్టా) ఊహిస్తుంది. మన రోజు ఫైల్ అంత పెద్దది కూడా కాదు, మొత్తం చదివినా దానికి దొరికేది 341 మాత్రమే.
పార్కే ఫార్మాట్ ఫైల్ అయితే నాకు పేచీ లేదు. కాలమ్‌ల టైప్‌లు ఫైల్ చివర్లోనే రాసి ఉంటాయి, పేరు చాలు. సీఎస్‌వీలో ఏముంది, కామాలు తప్ప?

సెమికోలన్:
హెడర్ => ట్రూ ఎందుకు? మామూలు = చాలదా?

పాత_డీబీఏ:
చాలదు. పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్‌లలో ఫంక్షన్ లోపల హెడర్ = ట్రూ అంటే పోల్చి చూడమని అర్థం, 'హెడర్ కాలమ్ నిజమా?' అని. అందుకే వాళ్లు ముందు := పెట్టారు, 9.5 వెర్షన్ నుంచి => కూడా తీసుకున్నారు. ఒరాకిల్‌లోనూ అదే బాణం.

సెమికోలన్:
డక్‌డీబీలో = నడుస్తుంది కదా.

పాత_డీబీఏ:
నడుస్తుంది. నడవడం వేరు, చదివేవాడికి తేడా తెలియడం వేరు.

ఫైనల్_ఇయర్:
సార్, చిన్న డౌట్. ఫైళ్ల పేర్లన్నీ ఒక టేబుల్‌లో ఉంటే, ఆ కాలమ్‌నే రీడ్_సీఎస్‌వీకి ఇవ్వొచ్చా?

కాజీపేట_జంక్షన్:
కుదరదు తమ్మీ. క్వెరీ నడవకముందే ఏ కాలమ్‌లు వస్తాయో ప్లానర్‌కి (క్వెరీ ఎలా నడపాలో తేల్చే భాగానికి) తెలియాలి. దానికోసం ఫైల్ అప్పుడే తెరిచి చూస్తుంది. పేరు ఇంకో టేబుల్ చదివాక గానీ తెలియదంటే, చూడటానికి దాని దగ్గర ఏముంటుంది? స్టార్ పెట్టి 'మిర్చి_*.సీఎస్‌వీ' అను, అన్నీ వస్తాయి.

పాత_డీబీఏ:
స్టార్ కూడా ఊహే. నడి సీజన్‌లో ఎవడో మధ్యలో 'తేమ' కాలమ్ చేరుస్తాడు. స్థానం బట్టి కలిపితే తేమ శాతం పోయి ధరలో పడుతుంది. పేరు బట్టి కలపమని చెప్పాలంటే ఆప్షన్ ఇవ్వాలి. ఆప్షన్ ఇవ్వాలంటే ఫంక్షన్ రాయాలి.
నేను ముందు చేసిన చోట ఇట్లనే 'టూల్ చూసుకుంటుంది' అన్నారు. సున్నాతో మొదలయ్యే ఖాతా నంబర్ల ముందు సున్నాలు ఎగిరిపోయాయి, చెల్లింపులన్నీ వెనక్కొచ్చాయి. మెమో నాకిచ్చారు, టూల్‌కి ఇవ్వలేదు.

కాజీపేట_జంక్షన్:
అన్నా, మీ మెమోకీ ఈ సింటాక్స్‌కీ ఏం సంబంధం? ఎక్కడో దెబ్బ తిన్నారని ఇక్కడ ప్రతి క్వెరీకీ పది లైన్లు రాయించడం ఏం న్యాయం? యార్డులో బీటు మొదలయ్యేలోపు లెక్క కావాలి. పొద్దున ఆరున్నరకి గుమస్తా నాకు ఫోన్ చేస్తాడు, మీకు కాదు.

పాత_డీబీఏ:
చేయాల్సింది నీకే. వాడికి తెలియనిది వాడి చేతికి ఇస్తే ఎట్లా?

కాజీపేట_జంక్షన్:
ఇప్పుడు బయటపడ్డారు. మీ బాధ ఫంక్షన్ గురించి కాదు. గుమస్తా క్వెరీ రాయడమే మీకు ఇష్టం లేదు.

పాత_డీబీఏ:
అవును, లేదు. అది రైతుకు పోయే పైసల లెక్క. తప్పు జరిగితే ఎవడు జవాబుదారో ముందు తేల్చండి, బ్రాకెట్ల సంగతి తర్వాత చూద్దాం.

కాజీపేట_జంక్షన్:
ఈ ముక్క మొదట్లోనే అంటే ఇంత రాసుకునేవాళ్లం కాదు కదా.

మడికొండ_డేటా:
గుమస్తాకి ఇవ్వాలా వద్దా అన్నది ఇక ప్రశ్నే కాదు, నిరుడే ఇచ్చేశాం. బాగానే రాస్తున్నాడు, గ్రూప్ బై కూడా. మధ్యేమార్గం ఒకటి అనుకుంటున్నాం: ఉత్త పేరు రాస్తే అన్ని కాలమ్‌లూ టెక్స్ట్‌గానే రావాలి, టూల్ ఊహించొద్దు. టైప్‌లు కావాలంటే ఫంక్షన్.

కాజీపేట_జంక్షన్:
అది ఇంకా ఘోరం. అన్నీ టెక్స్ట్ అయితే మ్యాక్స్(ధర) అడిగినప్పుడు మొదటి అంకె నుంచే పోలుస్తుంది కాబట్టి 14500 కంటే 9800 పెద్దదంటుంది. ఎర్రర్ కూడా రాదు. గుమస్తా అదే చెప్పేస్తాడు.

పాత_డీబీఏ:
ఇక్కడ మాత్రం నువ్వన్నది నిజం. కాలమ్‌లన్నీ రాసి ఫంక్షన్‌తో ఒక వ్యూ (పేరు పెట్టి దాచిన క్వెరీ) చేసి పెట్టండి. వాడు ఫ్రమ్ మిర్చి అంటాడు, అంతే. మీకు చేతకాకపోతే ఆ వ్యూ నేనే రాసిస్తా.

కాజీపేట_జంక్షన్:
రాయండి. పక్క అడ్తి ఫైల్ కామాలకి బదులు సెమికోలన్లతో వచ్చిన రోజు మీ నంబరే ఇస్తా వాడికి.

పాత_డీబీఏ:
ఇయ్యి. ఆరున్నరకి లేచే ఉంటా.